టెక్సాస్ కౌంటీ ప్రభుత్వం: తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ పరిసరాలకు వచ్చి స్థిరపడుతున్న తెలుగువారు ప్రతి ఏడాదీ దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు. కారు రిజిస్ట్రేషన్ ఎక్కడ, పెళ్లి లైసెన్సు ఎవరిస్తారు, ఇంటి పన్ను ఇంత ఎందుకు వచ్చింది, జ్యూరీ నోటీసు వస్తే ఏం చేయాలి అన్న ప్రశ్నలన్నీ చివరికి కౌంటీ దగ్గరికే చేరతాయి. అమెరికాలో కౌంటీల తీరు రాష్ట్రానికో రకంగా ఉంటుంది కాబట్టి ఇక్కడ చెప్పినది టెక్సాస్‌కు మాత్రమే వర్తిస్తుంది. జీవితంలో అవసరాలు ఎదురయ్యే వరుసలో ప్రశ్నలను అమర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన చోటి నుంచి చదవవచ్చు.

## కొత్తగా వచ్చినప్పుడు

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదేనా? ఇక్కడ కలెక్టర్ ఎవరు?

రాష్ట్రం కింద ఉండే పాలనా విభాగం అన్నంతవరకు పోలిక సరిపోతుంది. అయితే కలెక్టర్ వంటి అధికారి ఇక్కడ లేరు. మన జిల్లాలో ప్రభుత్వం నియమించిన ఒక ఐఏఎస్ అధికారి కింద రెవెన్యూ మొదలుకొని అనేక శాఖల సమన్వయం జరుగుతుంది. టెక్సాస్ కౌంటీలో పన్ను వసూలు చేసేవారు, రికార్డులు భద్రపరిచేవారు, జైలు నడిపేవారు, ప్రాసిక్యూషన్ చేసేవారు ఎవరికి వారు ప్రజల ఓట్లతో విడివిడిగా ఎన్నికవుతారు. 1876 నాటి రాష్ట్ర రాజ్యాంగం ఈ ఏర్పాటుకు మూలం. అంతర్యుద్ధం తరువాతి పాలనలో అధికారమంతా గవర్నర్ చేతిలో పోగుపడిందన్న ఆగ్రహం నుంచి పుట్టిన రాజ్యాంగం కాబట్టి, ఏ ఒక్కరి చేతిలోనూ ఎక్కువ అధికారం ఉండకుండా దాన్ని రాశారు. అందుకే ఒక కార్యాలయంలో పని కాకపోతే ఫిర్యాదు చేయడానికి అందరికీ పైవాడైన అధికారి కౌంటీలో కనిపించడు. ఏ పనికి ఏ కార్యాలయమో ముందే తెలుసుకుంటే ఒక పూట సెలవు వృథా కాదు.

కౌంటీని నడిపేది ఎవరు? కమిషనర్స్ కోర్టు అంటే న్యాయస్థానమా?

కాదు. కమిషనర్స్ కోర్టు అనేది కౌంటీ పాలకమండలి. కౌంటీ మొత్తం ఓటర్లు ఎన్నుకునే కౌంటీ జడ్జి దానికి అధ్యక్షత వహిస్తారు. కౌంటీని నాలుగు ప్రిసింక్టులుగా విభజించి, ఒక్కో దాని నుంచి ఒక్కో కమిషనర్‌ను ఎన్నుకుంటారు. అందరి పదవీకాలం 4 సంవత్సరాలు. బడ్జెట్ ఆమోదించడం, కౌంటీ పన్ను రేటు నిర్ణయించడం, రోడ్లు, భవనాలు, జైలు వంటి వాటికి నిధులు కేటాయించడం ఈ ఐదుగురి పని. చిన్న కౌంటీలలో కౌంటీ జడ్జి కొన్ని కేసులు కూడా వింటారు. పెద్ద కౌంటీలలో మాత్రం వారి సమయమంతా పాలనకే సరిపోతుంది. ఆ పదవికి న్యాయవాది అయి ఉండాలన్న నియమం లేదు.

షెరీఫ్, కౌంటీ క్లర్క్, డిస్ట్రిక్ట్ క్లర్క్, ట్యాక్స్ అసెసర్-కలెక్టర్, జస్టిస్ ఆఫ్ ది పీస్ (చిన్న కేసులు వినే జడ్జి), కానిస్టేబుల్, డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రాసిక్యూటర్) కూడా ఎన్నికైనవారే. కమిషనర్స్ కోర్టు వారి బడ్జెట్‌ను నిర్ణయించగలదు కానీ వారిని పదవి నుంచి తొలగించలేదు. లెక్కలు సరిచూసే కౌంటీ ఆడిటర్‌ను మాత్రం డిస్ట్రిక్ట్ జడ్జిలు నియమిస్తారు. డబ్బు ఖర్చుపెట్టే మండలి చేతిలో ఆ నియామకం లేకపోవడం ఈ ఏర్పాటులోని మంచి లక్షణాలలో ఒకటి.

మేముండేది ఏ కౌంటీ? ఊరి పేరును బట్టి తెలియదా?

చాలాసార్లు తెలియదు. ఫ్రిస్కో నగరం కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ విస్తరించి ఉంది. ఒకే ఊరిలో ఉన్న ఇద్దరు మిత్రులు వేర్వేరు కౌంటీలకు పన్ను కట్టడం అక్కడ మామూలు విషయం. డాలస్ నగరం ఐదు కౌంటీలలోకి, హ్యూస్టన్ మూడింటిలోకి వ్యాపించాయి. తపాలా చిరునామాలో ఉండే ఊరి పేరు కూడా నమ్మదగినది కాదు, ఎందుకంటే నగర పరిధి బయట ఉన్న ఇళ్లకూ దగ్గరి ఊరి పేరే రాస్తారు. మీ చిరునామాను, ఇళ్ల విలువ అంచనా వేసే సంస్థ అయిన అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో వెతికితే ఆ ఇల్లు ఏ కౌంటీ, ఏ నగరం, ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుందో అక్కడే కనిపిస్తుంది.

ప్రధాన కార్యాలయాలు ఉండే పట్టణాన్ని కౌంటీ సీట్ అంటారు. కాలిన్ కౌంటీకి మెకిన్నీ, డెంటన్ కౌంటీకి డెంటన్, టారంట్‌కు ఫోర్ట్‌వర్త్, ఫోర్ట్‌బెండ్‌కు రిచ్మండ్, విలియమ్సన్‌కు జార్జ్‌టౌన్ కౌంటీ సీట్లు. రాష్ట్రంలో మొత్తం 254 కౌంటీలున్నాయి. 2020 జనగణనలో హ్యారిస్ కౌంటీ జనాభా 47 లక్షలు దాటగా, లవింగ్ కౌంటీలో 64 మంది మాత్రమే లెక్కకు వచ్చారు. రెండింటికీ పాలకమండలి నిర్మాణం ఒక్కటే.

సిటీ చూసేది ఏది, కౌంటీ చూసేది ఏది?

మీరు నగర పరిధిలో ఉంటే తాగునీరు, చెత్త సేకరణ, వీధుల మరమ్మతు, పోలీసు, అగ్నిమాపక దళం, ఇంటి నిర్మాణ అనుమతులు సాధారణంగా సిటీ బాధ్యత. ఆస్తి దస్తావేజులు, పెళ్లి లైసెన్సులు, వాహన రిజిస్ట్రేషన్, పన్ను వసూలు, జైలు, కోర్టులు, ఎన్నికల నిర్వహణ, నగరాల బయటి రోడ్లు కౌంటీ చూస్తుంది. బడులు ఈ రెండింటికీ చెందవు. ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌కు సొంత పాలకమండలి, సొంత పన్ను ఉంటాయి. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రజాభద్రతా శాఖ. ఫుడ్ స్టాంపులు, తక్కువ ఆదాయం ఉన్నవారి ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ దరఖాస్తులు కూడా రాష్ట్ర శాఖకే వెళతాయి. ఇతర రాష్ట్రాలలో వీటిలో కొన్నిటిని కౌంటీలు చూస్తాయి కాబట్టి, కాలిఫోర్నియా నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చినవారు అక్కడి అనుభవంతో ఇక్కడ తప్పు కార్యాలయానికి వెళుతుంటారు.

## వాహనం, చిన్న వ్యాపారం

వేరే రాష్ట్రం నుంచి కారుతో వచ్చాం. రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించాలి?

మీ కౌంటీ ట్యాక్స్ అసెసర్-కలెక్టర్ కార్యాలయంలో చేయించాలి. మోటారు వాహనాల శాఖ రాష్ట్రానిదే అయినా, టైటిల్ (కారు యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ పనులు ఆ శాఖ తరఫున కౌంటీలే చేస్తాయి. కొత్తగా వచ్చినవారికి గడువు 30 రోజులు. అదే డ్రైవింగ్ లైసెన్సు మార్చుకోవడానికి 90 రోజుల గడువు ఉంది. ఈ రెండు గడువులను కలగలిపి కారు పని వాయిదా వేసినవారు జరిమానా కట్టిన సందర్భాలున్నాయి.

టెక్సాస్ ప్రమాణాలకు సరిపడే బీమా, పాత రాష్ట్రపు టైటిల్ లేదా రిజిస్ట్రేషన్ పత్రం, గడువు తీరని ఫోటో గుర్తింపు పత్రం తీసుకువెళ్లండి. భారతీయ పాస్‌పోర్టు చూపించేవారు వీసా, ఐ-94 (అమెరికాలో ప్రవేశించినప్పటి నమోదు) పత్రాలను కూడా వెంట ఉంచుకోవడం మేలు. ఇప్పటికే మీ పేరున వేరే రాష్ట్రంలో రిజిస్టరైన కారుకు కొత్త నివాసి పన్నుగా 90 డాలర్లు కడితే సరిపోతుంది. టెక్సాస్‌లో కారు కొంటే మాత్రం 6.25 శాతం అమ్మకపు పన్ను పడుతుంది.

2025 జనవరి 1 నుంచి వ్యక్తిగత వాహనాలకు ఏటా చేసే భద్రతా తనిఖీని రద్దు చేశారు. కానీ డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హ్యారిస్, ఫోర్ట్‌బెండ్, ట్రావిస్, విలియమ్సన్ వంటి కౌంటీలలో పొగ పరీక్ష ఇప్పటికీ తప్పనిసరి. తనిఖీలే ఎత్తివేశారని విని ఇక్కడ పొగ పరీక్ష మానేస్తే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగిపోతుంది.

ఇంటి దగ్గర నాట్యం నేర్పుతున్నాను. సంస్థ పేరును కౌంటీలో నమోదు చేయాలా?

మీ సొంత పేరుతో కాక మరో పేరుతో, కంపెనీ పెట్టకుండా వ్యాపారం చేస్తుంటే కౌంటీ క్లర్క్ దగ్గర ఆ పేరు నమోదు చేయాలి. ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టినవారు రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర నమోదు చేసుకుంటారు. కౌంటీలో నమోదు చేసినంత మాత్రాన ఆ పేరుపై మీకు ప్రత్యేక హక్కు రాదు, అది పని చేసే అనుమతి కూడా కాదు. డిపెండెంట్ వీసాపై ఉన్నవారు పని అనుమతి విషయం ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే కౌంటీ క్లర్క్ ఆ సంగతి అడగరు, ఇమ్మిగ్రేషన్ అధికారులు అడుగుతారు.

## పెళ్లి, పిల్లలు

గుడిలో పెళ్లి చేస్తున్నాం. చట్టబద్ధంగా చెల్లాలంటే ఏం చేయాలి?

ముహూర్తానికి ముందే వధూవరులిద్దరూ కౌంటీ క్లర్క్ కార్యాలయానికి స్వయంగా వెళ్లి పెళ్లి లైసెన్సు తీసుకోవాలి. గుర్తింపుకు పాస్‌పోర్టు చెల్లుతుంది. టెక్సాస్‌లోని ఏ కౌంటీలో తీసుకున్నా రాష్ట్రంలో ఎక్కడైనా పెళ్లి చేసుకోవచ్చు. లైసెన్సు ఇచ్చిన తరువాత 72 గంటలు గడవనిదే పెళ్లి జరగకూడదు, 90 రోజులు దాటితే లైసెన్సు చెల్లదు. రాష్ట్రం గుర్తించిన వివాహ పూర్వ శిక్షణ పూర్తి చేసినవారికి 72 గంటల నియమం వర్తించదు, రుసుములోనూ తగ్గింపు ఉంటుంది.

శనివారం తెల్లవారుజామున ముహూర్తం పెట్టుకుని శుక్రవారం లైసెన్సుకు వెళ్లే కుటుంబాలు కంగారు పడేది ఈ 72 గంటల దగ్గరే. బంధువులు ఇండియా నుంచి వచ్చే హడావుడి మొదలుకాక మునుపే, కనీసం రెండు వారాల ముందు ఈ పని ముగించండి. పెళ్లి చేయించిన పురోహితుడు లైసెన్సుపై తేదీ, స్థలం రాసి సంతకం చేయాలి. ఆ కాగితం 30 రోజులలోగా క్లర్క్ కార్యాలయానికి తిరిగి చేరాలి. తలంబ్రాలు, అప్పగింతలు అయ్యాక ఆ కాగితం ఎవరి సంచిలో ఉందో తెలియని పరిస్థితి రాకుండా, దాన్ని చేర్చే బాధ్యత ఒక మనిషికి ముందే అప్పగించండి. కాగితం తిరిగి చేరి నమోదైన తరువాతనే వీసా, బీమా అవసరాలకు పనికివచ్చే ధ్రువీకృత ప్రతి దొరుకుతుంది.

ఇండియాలో పెళ్లయింది. ఇక్కడి కౌంటీలో మళ్లీ నమోదు చేయించాలా?

అవసరం లేదు. జరిగిన చోట చట్టప్రకారం చెల్లిన పెళ్లిని టెక్సాస్ గుర్తిస్తుంది. విదేశాలలో జరిగిన పెళ్లిళ్లను నమోదు చేసే పని కౌంటీ క్లర్క్‌ది కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో రిజిస్ట్రార్ ఇచ్చిన వివాహ ధ్రువపత్రమే ఇక్కడా మీకు ఆధారం. అది లేనివారు ఇండియాలోని రిజిస్ట్రార్ ద్వారానే తెప్పించుకోవాలి.

బిడ్డ పుట్టింది. బర్త్ సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి? పాస్‌పోర్టు కూడా కౌంటీలోనే ఇస్తారా?

పుట్టుక వివరాలను ఆసుపత్రి నమోదు చేస్తుంది. ధ్రువపత్రాన్ని మాత్రం మీరే దరఖాస్తు చేసి, బిడ్డ పుట్టిన ఊరి రిజిస్ట్రార్ దగ్గర, కౌంటీ క్లర్క్ దగ్గర లేదా రాష్ట్ర కార్యాలయంలో తీసుకోవాలి. తల్లిదండ్రుల పేర్లతో సహా అన్ని వివరాలుండే పూర్తి ప్రతిని అడిగి తీసుకోండి. పాస్‌పోర్టుకూ, తరువాత ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే కార్డు) దరఖాస్తుకూ అదే పనికివస్తుంది. ఆసుపత్రి ఫారంలో ఇంటిపేరు ముందో వెనకో తేల్చుకుని రాయడం చాలా ముఖ్యం. మనవారి పేర్లలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి, తరువాత సరిదిద్దడానికి నెలలు పట్టవచ్చు. ఇండియాలో వాడడానికి అపోస్టిల్ (విదేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ) కావాలంటే అది ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం వేస్తుంది.

అమెరికా పాస్‌పోర్టును జారీ చేసేది కేంద్ర ప్రభుత్వమే అయినా, అనేక కౌంటీలలో డిస్ట్రిక్ట్ క్లర్క్ లేదా కౌంటీ క్లర్క్ దరఖాస్తులు స్వీకరిస్తారు. 16 ఏళ్లలోపు పిల్లలకు తల్లి, తండ్రి ఇద్దరూ బిడ్డతో కలిసి వెళ్లాలి. ఒకరు రాలేకపోతే నోటరీ చేయించిన సమ్మతి పత్రం కావాలి.

## ఇల్లు కొన్నాక

ఏప్రిల్‌లో ఇంటి విలువ పెరిగిందని నోటీసు వచ్చింది. ఇది పన్ను బిల్లేనా?

కాదు, అది మీ ఇంటి విలువ ఎంతని అంచనా వేశారో చెప్పే నోటీసు. దాన్ని పంపింది అప్రైజల్ డిస్ట్రిక్ట్. దాని పేరులో కౌంటీ పేరు ఉన్నా అది కౌంటీ ప్రభుత్వంలో భాగం కాదు. జనవరి 1 నాటి విలువను లెక్కగట్టడం దాని పని. ఆ విలువపై 100 డాలర్లకు ఇంత చొప్పున కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, కమ్యూనిటీ కాలేజీ తమ తమ రేట్లను వేసవి చివరలో నిర్ణయిస్తాయి. బిల్లు అక్టోబరు ప్రాంతంలో వస్తుంది, కట్టడానికి ఆఖరి రోజు జనవరి 31. ఫిబ్రవరి 1 నుంచి జరిమానా, వడ్డీ మొదలవుతాయి.

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి స్థానిక సంస్థలు ఎక్కువగా ఆస్తి పన్ను మీదే ఆధారపడతాయి. బిల్లులో పెద్ద వాటా సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, కౌంటీ వాటా అందులో చిన్నది. పన్ను కోసం నెలనెలా డబ్బు పోగుచేసే ఎస్క్రో ఖాతా నుంచి బ్యాంకు పన్ను కడుతున్నా, కట్టకపోతే బాధ్యత ఇంటి యజమానిదే. జనవరిలో ఒకసారి ట్యాక్స్ కార్యాలయం వెబ్‌సైటులో మీ ఖాతా చూసుకోండి.

హోమ్‌స్టెడ్ మినహాయింపు అంటే ఏమిటి? హెచ్-1బీ వీసాపై ఉన్నవారికి వస్తుందా?

మీరు సొంతంగా కొని, ప్రధాన నివాసంగా ఉంటున్న ఇంటి విలువలో కొంత భాగాన్ని పన్ను నుంచి మినహాయించడమే ఇది. చట్టం పౌరసత్వాన్ని షరతుగా పెట్టలేదు. ఇల్లు మీ పేరున ఉండాలి, మీరు అందులో నివసించాలి, టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సుపై అదే చిరునామా ఉండాలి. వీసా గడువుతో ముడిపడిన లైసెన్సు ఉన్నవారు కూడా దరఖాస్తు చేసుకుంటున్నారు.

స్కూల్ డిస్ట్రిక్ట్ పన్నులో ఈ మినహాయింపు 2023లో 1,00,000 డాలర్లకు పెరిగింది. 2025 నవంబరులో ఓటర్ల ఆమోదంతో 1,40,000 డాలర్లయింది. 5,00,000 డాలర్ల ఇంటికి స్కూల్ రేటు 100కు 1 డాలరు అనుకుందాం. మినహాయింపు లేకపోతే 5,000 డాలర్లు కట్టాలి. ఉంటే 3,60,000 మీదే లెక్క కాబట్టి 3,600 కడితే చాలు. కౌంటీ, సిటీ ఇష్టపూర్వకంగా ఇచ్చే మినహాయింపు, 20 శాతం వరకు, దీనికి అదనం. అంతేకాక మినహాయింపు ఉన్న ఇంటికి పన్ను లెక్కించే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదు.

ఇంత మేలు ఉన్నా ఇది దానంతట అది రాదు. దరఖాస్తును అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు ఇవ్వాలి. దాని కోసం రుసుము ఏమీ లేదు. డబ్బు తీసుకుని చేసిపెడతామంటూ ప్రభుత్వ ముద్రలా కనిపించే గుర్తుతో వచ్చే ఉత్తరాలను పక్కన పడేయండి. గడువు దాటినా రెండేళ్ల వరకు వెనకటి సంవత్సరాలకు కూడా అడిగే వీలుంది. తెలిసి కూడా రేపు మాపు అంటూ ఏళ్లు గడిపిన కుటుంబాలను చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే రెండేళ్లు దాటిన డబ్బు ఇక తిరిగిరాదు.

అమ్మానాన్నలు 65 దాటినవారు, మాతోనే ఉంటారు. వృద్ధుల మినహాయింపు మాకు వస్తుందా?

ఇంటి యజమానులలో ఒకరికి 65 ఏళ్లు నిండి, వారు ఆ ఇంట్లో ప్రధానంగా నివసిస్తుంటేనే వస్తుంది. ఇంటి దస్తావేజులో పేరు లేని తల్లిదండ్రులు ఎన్నాళ్లు మీతో ఉన్నా అది వర్తించదు. అర్హత ఉన్నవారికి అదనపు మినహాయింపుతో పాటు, స్కూల్ పన్ను మొత్తం ఆ స్థాయిని దాటి పెరగకుండా పరిమితి కూడా వస్తుంది.

ఇంటి విలువ ఎక్కువ వేశారు. మనమే వెళ్లి వాదించవచ్చా?

తప్పకుండా వాదించవచ్చు, దానికి న్యాయవాది అక్కరలేదు. మే 15 లేదా నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజులు, ఈ రెండింటిలో ఏది తరువాత వస్తే అది గడువు. ప్రొటెస్ట్‌ను ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు. మొదట అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగితో మాట్లాడే అవకాశం ఇస్తారు. అక్కడ ఒప్పందం కుదరకపోతే అప్రైజల్ రివ్యూ బోర్డు ముందు విచారణ జరుగుతుంది.

పన్ను భారంగా ఉందన్న వాదన అక్కడ పనిచేయదు. మీ ఇంటితో పోల్చదగిన ఇళ్లు జనవరి 1కి దగ్గరలో ఎంతకు అమ్ముడయ్యాయో చూపాలి. పునాది పగుళ్లు, కారుతున్న పైకప్పు ఉంటే తేదీ ఉన్న ఫోటోలు, మరమ్మతుకు కాంట్రాక్టరు రాసిచ్చిన అంచనా జత చేయాలి. రికార్డులో మీ ఇంటి విస్తీర్ణం తప్పుగా పడిందేమో కూడా చూసుకోండి, ఒక్కోసారి వాదన అంతా అక్కడే తేలిపోతుంది. విచారణలో అప్రైజల్ డిస్ట్రిక్ట్ చూపే ఆధారాలను ముందుగానే కోరి తీసుకునే హక్కు మీకుంది. బోర్డు నిర్ణయం నచ్చకపోతే మధ్యవర్తిత్వానికి గానీ డిస్ట్రిక్ట్ కోర్టుకు గానీ వెళ్లవచ్చు.

సిటీ పరిధి బయట కొత్త వెంచర్‌లో ఇల్లు తక్కువకు వస్తోంది. కొనేముందు ఏం చూడాలి?

సిటీ పన్ను ఉండదు, నిజమే. దాని బదులు నీరు, మురుగు కాలువల కోసం ఏర్పడిన మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ పన్ను, అగ్నిమాపక, అంబులెన్సు సేవల కోసం ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ పన్ను ఉండవచ్చు. రెండవదానికి 100 డాలర్లకు 10 సెంట్ల గరిష్ఠ పరిమితి ఉంది. మొదటిది మాత్రం కొన్ని చోట్ల సిటీ పన్నును మించిపోతుంది. బిల్డరు చూపే నెలసరి అంచనాలో ఇవన్నీ ఉన్నాయో లేదో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

మరో సంగతి కూడా ఆలోచించాలి. టెక్సాస్ కౌంటీలకు సాధారణంగా జోనింగ్ అధికారం, అంటే ఏ స్థలంలో ఏం కట్టవచ్చో నిర్ణయించే అధికారం, లేదు. లేఅవుట్లు, సెప్టిక్ ట్యాంకులు, వరద ముంపు ప్రాంతాల విషయంలో నియంత్రణ ఉంటుంది. కానీ మీ పెరటి వెనక ఖాళీ స్థలంలో రేపు కాంక్రీటు మిక్సింగ్ ప్లాంటు వస్తుందన్నా కౌంటీ చాలావరకు ఆపలేదు. చుట్టుపక్కల భూములు ఎవరివో అప్రైజల్ డిస్ట్రిక్ట్ పటంలో చూసుకున్నాకే సంతకం చేయడం మంచిది.

## ఇబ్బంది ఎదురైనప్పుడు

పోలీసు, షెరీఫ్, కానిస్టేబుల్ వేర్వేరా? ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రమాదం ఎదురుగా ఉంటే ఆలోచించకుండా 911కి చేయండి, ఎవరిని పంపాలో వారు చూసుకుంటారు. సిటీ పోలీసు నగర పరిధిలో పనిచేస్తారు. షెరీఫ్ కౌంటీ జైలు నడుపుతూ, నగరాల బయటి ప్రాంతాలలో గస్తీ చూస్తారు. కానిస్టేబుల్ ఇక్కడ కింది స్థాయి పోలీసు ఉద్యోగి కాదు, ఎన్నికైన అధికారి. కోర్టు సమన్లు అందించడం, ఇల్లు ఖాళీ చేయించే ఉత్తర్వులు అమలు చేయడం ఆ కార్యాలయం ప్రధాన విధులు.

అపార్ట్‌మెంట్ ఖాళీ చేశాం. డిపాజిట్ తిరిగి ఇవ్వడం లేదు. ఎక్కడికి వెళ్లాలి?

జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకు వెళ్లాలి. 20,000 డాలర్ల వరకు వివాదాలను అక్కడ న్యాయవాది లేకుండానే దాఖలు చేసుకోవచ్చు. ఇల్లు అప్పగించిన తరువాత 30 రోజులలోగా యజమాని డిపాజిట్ తిరిగి ఇవ్వాలి లేదా కోతల వివరాలు రాసి పంపాలి. అయితే మీ కొత్త చిరునామాను మీరు రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపించినా కేసు మొత్తం దీనిమీదే నిలబడుతుంది. ఫోన్‌లో చెప్పామంటే చెల్లదు. యజమాని దురుద్దేశంతో ఆపాడని తేలితే, తప్పుగా ఆపిన మొత్తానికి మూడు రెట్లు, దానిపై మరో 100 డాలర్లు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. చేరేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు తీసిన ఫోటోలు, ఈమెయిళ్లు ముద్రించి తీసుకువెళ్లండి.

ఇంట్లో హింస జరుగుతోంది. డిపెండెంట్ వీసాపై ఉన్న నాకు కౌంటీ నుంచి రక్షణ దొరుకుతుందా?

దొరుకుతుంది. వీసా స్థితి రక్షణకు అడ్డు కాదు. కౌంటీ లేదా డిస్ట్రిక్ట్ అటార్నీ కార్యాలయం మీ తరఫున రక్షణ ఉత్తర్వు కోసం కోర్టులో దరఖాస్తు వేయగలదు, బాధితులు అందుకు రుసుము కట్టనక్కరలేదు. ఉత్తర్వు వస్తే ఎదుటివారు మీ దగ్గరికి, మీ ఇంటికి, పిల్లల బడికి రాకుండా నిషేధించవచ్చు. దాన్ని ఉల్లంఘించడం నేరం. తెలుగు దుబాసీ కావాలని ముందే అడగండి. పాస్‌పోర్టు, ఐ-94, పిల్లల పత్రాల నకళ్లను నమ్మకమైన వారి దగ్గర ఉంచండి. ఇంటి పరువు పేరుతో సర్దుకుపొమ్మని సలహా ఇచ్చేవారి కంటే, ఆ కార్యాలయంలో బాధితులకు తోడుండే సిబ్బంది మీకు ఎక్కువ మేలు చేస్తారు.

పెళ్లి ఇండియాలో జరిగింది. విడాకుల కేసు ఇక్కడ వేయవచ్చా?

భార్యాభర్తలలో ఒకరు టెక్సాస్‌లో 6 నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు నివసించి ఉంటే వేయవచ్చు. కేసును డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర దాఖలు చేస్తారు. దాఖలు చేసిన తరువాత సాధారణంగా కనీసం 60 రోజులు ఆగాలి. ఇక్కడి తీర్పు ఇండియాలో చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న కాబట్టి రెండు చోట్లా న్యాయవాదిని సంప్రదించండి.

ఇక్కడ ఒంటరిగా ఉంటున్న విద్యార్థి హఠాత్తుగా చనిపోయాడు. భౌతికకాయాన్ని ఎప్పుడు అప్పగిస్తారు?

ఆకస్మిక మరణాలను పెద్ద కౌంటీలలో మెడికల్ ఎగ్జామినర్, ఆ కార్యాలయం లేని కౌంటీలలో జస్టిస్ ఆఫ్ ది పీస్ విచారిస్తారు. శవపరీక్ష అవసరమా కాదా అన్నది చట్టప్రకారం వారి నిర్ణయం. కుటుంబం తన అభ్యర్థనను మర్యాదగా తెలియజేయవచ్చు, కానీ ఆపలేకపోవచ్చు. పరీక్ష ముగిశాక కుటుంబం ఎంచుకున్న ఫ్యునరల్ హోమ్‌కే భౌతికకాయాన్ని అప్పగిస్తారు, మిత్రులకు నేరుగా ఇవ్వరు. ఇండియాలో ఉన్న తల్లిదండ్రులు సంతకం చేసిన అధికార పత్రాన్ని ఫ్యునరల్ హోమ్‌కు పంపడం మొదట జరగవలసిన పని.

మరణ కారణం తేలకపోయినా, విచారణలో ఉందని రాసి మరణ ధ్రువపత్రం ఇచ్చే వీలుంది. ఇండియాకు తరలించడానికి ఆ పత్రం, ఎంబామింగ్ (భౌతికకాయం చెడకుండా చేసే ప్రక్రియ) పత్రం, పాస్‌పోర్టు, హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ అనుమతి కావాలి. ఇక్కడే దహనం చేయదలిస్తే, అధికారులు సడలింపు ఇస్తే తప్ప మరణం తరువాత 48 గంటలు ఆగాలి. ఈ నియమం తెలియక వెంటనే దహనం జరగాలని పట్టుబట్టి మరింత క్షోభ పడకుండా, పురోహితుడికి కూడా ముందే చెప్పడం మంచిది.

బీమా లేదు. కౌంటీ ఆసుపత్రిలో ఉచితంగా చూస్తారా?

కౌంటీని బట్టి మారుతుంది. డాలస్ కౌంటీలో పార్క్‌ల్యాండ్, టారంట్‌లో జేపీఎస్, హ్యారిస్‌లో హ్యారిస్ హెల్త్ అనే ప్రజా ఆసుపత్రి వ్యవస్థలున్నాయి. ఆ కౌంటీలో నివాసం, ఆదాయం చూసి రాయితీ ఇస్తారు. కాలిన్ కౌంటీలో అటువంటి ఆసుపత్రి డిస్ట్రిక్ట్ లేదు. ఇండియా నుంచి చూడడానికి వచ్చిన తల్లిదండ్రులు ఈ రాయితీలను నమ్ముకోకూడదు, వారికి ప్రయాణ బీమా తీసుకోవడమే దారి. ప్రాణాపాయంలో ఉంటే మాత్రం అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రి డబ్బు విషయం పక్కనపెట్టి ముందు చూడాలని 1986 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. బిల్లు తరువాత వస్తుంది.

## జ్యూరీ, ఓటు, పాలనలో మాట

మేం పౌరులం కాదు. అయినా జ్యూరీ నోటీసు వచ్చింది. పారేయవచ్చా?

పారేయకూడదు. ఓటర్ల జాబితాతో పాటు డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి కూడా పేర్లు తీస్తారు కాబట్టి వీసాపై ఉన్నవారికీ నోటీసులు వస్తుంటాయి. పౌరులు కానివారు జ్యూరీకి, అంటే కోర్టు కేసు విని తీర్పు చెప్పే పౌరుల బృందానికి, అర్హులు కారు. నోటీసుపై ఉన్న ప్రశ్నావళిలో ఆ గడిని గుర్తించి, సంతకం చేసి, గడువులోగా ఆన్‌లైన్‌లో గానీ తపాలాలో గానీ పంపాలి. పంపిన రుజువు దాచుకోండి. జవాబే ఇవ్వకపోతే 100 నుంచి 1,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. సెలవు పెట్టడం ఇష్టంలేని పౌరులు పౌరులం కాదని రాయడం ఎంత మాత్రం తగదు. జ్యూరీకి వెళ్లినవారికి మొదటి రోజు కనీసం 20 డాలర్లు, తరువాత రోజుకు 58 డాలర్లు ఇస్తారు.

గ్రీన్ కార్డు వచ్చింది. స్థానిక ఎన్నికల్లోనైనా ఓటు వేయవచ్చా?

వేయకూడదు. టెక్సాస్‌లో ఏ ఎన్నికలోనైనా ఓటు పౌరులకే. పౌరులు కానివారు ఓటరుగా నమోదు కావడమే భవిష్యత్తులో పౌరసత్వాన్ని, ఇక్కడ ఉండే హక్కునూ దెబ్బతీస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో ఓటు నమోదు గురించి అడిగినప్పుడు వద్దని స్పష్టంగా గుర్తించండి. గుడి దగ్గరో దుకాణం దగ్గరో ఎవరైనా ఫారం చేతిలో పెడితే చదవకుండా సంతకం చేయవద్దు.

పౌరసత్వ ప్రమాణం చేసిన తరువాత కౌంటీ ఓటర్ల నమోదు కార్యాలయానికి దరఖాస్తు పంపండి. ఎన్నికకు 30 రోజుల ముందే దాన్ని పంపి ఉండాలి. అధ్యక్ష ఎన్నికకు మాత్రమే కాక, పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకోవడానికి మార్చిలో జరిగే ప్రైమరీలకు కూడా వెళ్లండి. అనేక కౌంటీలలో కమిషనర్, షెరీఫ్, జడ్జి పదవులు ఎవరికి దక్కుతాయో నిజానికి ప్రైమరీలోనే తేలిపోతుంది. అక్కడ పోలయ్యే ఓట్లు తక్కువ కాబట్టి ఒక్కో ఓటుకు బరువెక్కువ.

ఓటు లేనివారు కౌంటీ సమావేశంలో మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు. కమిషనర్స్ కోర్టు సమావేశాలు బహిరంగంగా జరగాలి. ఎజెండాలోని అంశంపై మాట్లాడదలచిన ప్రజలకు అవకాశం ఇవ్వాలని రాష్ట్ర చట్టం చెబుతోంది. పౌరసత్వం గురించి అడగరు. ఎజెండాను ముందుగానే వెబ్‌సైటులో పెడతారు. సమావేశం మొదలయ్యేలోగా పేరు, మీరు మాట్లాడే అంశం సంఖ్య రాసి ఇవ్వాలి, మాట్లాడడానికి కొద్ది నిమిషాలే ఇస్తారు. మీ వీధి పేరు, సమస్య మొదలైన తేదీ, మీరు కోరుతున్న పరిష్కారం ఒక కాగితంపై రాసుకుని చదివితే సమయం సరిపోతుంది. అంతకుముందు మీ ప్రిసింక్ట్ కమిషనర్ కార్యాలయానికి ఈమెయిల్ పంపితే, రోడ్డు గుంతల వంటి పనులు సమావేశం దాకా వెళ్లకుండానే జరిగిపోతుంటాయి. బడ్జెట్, పన్ను రేటుపై విచారణలు ఎక్కువ కౌంటీలలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జరుగుతాయి. పన్ను కట్టే ఇంటి యజమానిగా మీరు చెప్పదలచినది ఏదైనా ఉంటే అప్పుడే చెప్పాలి, అక్టోబరులో బిల్లు చేతికి వచ్చాక ఆ సంవత్సరానికి రేటు మారదు.